రక్షించు శక్తికి హద్దెక్కడ?

తన్ను తాను కాపాడుకొనుట ప్రాణికి సహజధర్మమనియు, ఆ కాపాడుకొను శక్తి యెంత అధికమైన అంత క్షేమమనియు మనము సామాన్యముగా తలంచుచుందుము. బలమే రక్షణమని రాజనీతి బోధించును. దైవము సైతము దుర్బలునే దెబ్బతీయునని లోకోక్తి వాపోవును. ఈ విశ్వాసము మన గృహములయందును, రాజ్యములయందును, తుదకు మన మతములయందును ఎంత లోతుగా నాటుకొనిపోయినదనగా, రక్షణ కూడ హద్దెఱిగి ప్రవర్తింపవలసినదేనని యెవరైన పలికినచో ఆ పలుకు పిఱికితనమువలె వినవచ్చును. ఇట్టి విశ్వాసమును నిశితముగా పరీక్షింపగల స్థలమొకటి కలదు. పడిశెముతో మొదలై మూడవ నాటికి ఆయాసముగా ముదిరిన వ్యాధిచే డొక్కలు ఎగురవేయుచు, ముక్కుపుటములు విప్పార్చుచు, పాలు త్రాగుటకు సైతము ఊపిరి చాలక తల్లి యొడిలో అలసిపోవుచున్న పసిబిడ్డ యొక్క ఊపిరితిత్తియే ఆ స్థలము. అచ్చట రక్షించు శక్తి యేది, హింసించు శక్తి యేది యని విభజించి చూపుట వైద్యునకు సైతము సులభము కాదు. రక్షణ యెప్పుడు హింసగా పరిణమించును, క్షమ యెప్పుడు రక్షణ యగును అను ప్రశ్న ధర్మవిచారమునకు ఎంత చెందినదో వైద్యవిచారమునకును అంత చెందినది. ఆ రెండింటిని ఒకచోట చేర్చి ఆలోచించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఒక యింటిలో నలుగురకు ఒకే వైరస్ సోకుట మనమెల్లరము చూచుచుండు విషయమే. తండ్రికి రెండు దినములు గొంతునొప్పి, తల్లికి కొంచెము నలత, బడికి పోవు అన్నకు ముక్కు కాఱుట. నాలుగు నెలల చెల్లెలికి మాత్రము ప్రాణాపాయము. శిశువులను ఇట్లు పీడించు వైరస్‌లలో ప్రధానమైనది రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్. సంక్షేపముగా దానిని ఆర్.ఎస్.వి. యందురు. 1956 నందు అమెరికాలో జలుబుతో బాధపడుచున్న చింపాంజీలలో మొదట కనబడిన యీ వైరస్‌ను, మరుసటి సంవత్సరమే రాబర్ట్ చానాక్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును శ్వాసవ్యాధితో నున్న శిశువులలో గుర్తించిరి. రెండేండ్లు నిండులోపల దీనికి లోనుగాని బిడ్డ లోకమున దాదాపు లేదనవచ్చును. పెక్కుమందికి అది జలుబుగా వచ్చి జలుబుగానే పోవును. అయినను 2019 సంవత్సరమున ఐదేండ్లలోపు పిల్లలలో దీనివలన క్రింది శ్వాసమార్గములు చెడినవారు ప్రపంచమున ఇంచుమించు 3 కోట్ల 30 లక్షలమందియనియు, ఆసుపత్రి చేరినవారు 36 లక్షలమందియనియు, మరణించినవారు లక్షకు పైబడిరనియు పరిశోధకులు అంచనా కట్టిరి. ఆ మరణములలో నూటికి 97 పాళ్లకు పైగా పేద, మధ్యాదాయ దేశములలోనే సంభవించినవి. ఈ చివరి సంఖ్యను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. దాని ప్రసంగము మరల రాగలదు.

ఊపిరితిత్తిలోపల జరుగునదేమో మొదట చూతము. శ్వాసనాళము కొమ్మలు కొమ్మలుగా చీలి, తుదకు మిల్లీమీటరుకంటె సన్నని నాళికలుగా విస్తరించును. వైరస్ ఆ నాళికల లోపలి పొరయందలి కణములలో ప్రవేశించి అచ్చటనే వృద్ధిపొందగా, ఆ కణములు చచ్చి రాలును. దానిని పసిగట్టిన శరీరము రక్తమునుండి తెల్లకణములను గుంపులుగా పంపును. అవి శత్రుసంహారమునకై వెదజల్లు ద్రవ్యములు శత్రువును, ప్రక్కనున్న ఆరోగ్యకణమును ఒకే తీరున బాధించును. గోడ వాచును, జిగురు ఊరును. చచ్చిన కణములును, జిగురును, తెల్లకణముల శిథిలములును ముద్దకట్టి ఆ సన్నని దారిని మూసివేయును. లోపలికి పోయిన గాలి వెలికి రాలేక పిల్లికూతలు వినబడును. వైద్యులు దీనిని బ్రాంకియోలైటిస్ అందురు. ఆ దారిని మూసిన ముద్దలో వైరస్ చేసిన వినాశము కొంత కలదు. బిడ్డను కాపాడవచ్చిన సేన చేసిన వినాశమును కొంత కలదు. రెండును విడదీయరాకుండ పెనవేసికొని యున్నవి.

రక్షణసంకల్పము హింసగా పరిణమించిన వృత్తాంతమొకటి ఈ వైరస్ చరిత్రములోనే కలదు. పోలియో వైరస్‌ను ఫార్మలిన్‌తో నిర్జీవము చేసి జోనాస్ సాల్క్ సిద్ధపఱచిన టీకా 1955 నాటికి లోకమున కీర్తి గడించెను. అదే పద్ధతిని ఆర్.ఎస్.వి.కి అన్వయించి, 1966 ప్రాంతమున అమెరికాలో శిశువులకు ఒక టీకా వేసిరి. టీకా పొందిన బిడ్డల రక్తమున ప్రతిరక్షకములు సమృద్ధిగా పుట్టినవి. కాని తరువాతి శీతకాలమున వైరస్ నిజముగా వచ్చినప్పుడు ఆశించినదానికి విపరీతముగా జరిగెను. వాషింగ్టన్ నగరమున టీకా పొందిన 31 మంది శిశువులలో 20 మందికి వైరస్ సోకగా, వారిలో 16 మందిని ఆసుపత్రిలో చేర్చవలసివచ్చెను; ఇద్దఱు మరణించిరి. పోలికకొఱకు వేఱొక టీకా పొందిన శిశువులలో 21 మందికి వైరస్ సోకినను, ఆసుపత్రి చేరినది ఒక్క బిడ్డ మాత్రమే.

ఈ విపరీతమునకు కారణము చక్కగా తెలియుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టెను. వైరస్ పైనుండు ప్రధానమైన ప్రోటీనునకు, కణములోనికి చొచ్చుకొనిపోవుటకు ముందు ఒక రూపము, పిదప వేఱొక రూపము. ఫార్మలిన్ తగిలిన వైరస్ బిడ్డల శరీరమునకు చూపినది ముఖ్యముగా ఆ రెండవ రూపమును. దానిని చూచి పుట్టిన ప్రతిరక్షకములు వైరస్‌ను అంటుకొనగలిగినవే కాని దాని ప్రవేశమును అడ్డుకొనజాలకపోయినవి. అంటుకొన్నచోటనే పేరుకొని, సన్నని నాళికలలో శోథమును ప్రబలింపజేసినవి. తొలిరూపము యొక్క నిర్మాణమును కనుగొని దానిని స్థిరపఱచినది 2013 నందు. ఆ జ్ఞానమే ఆధారముగా గర్భిణీస్త్రీలకు ఇచ్చు టీకాయును, శిశువునకు ఒక్క మోతాదుగా నిచ్చు సిద్ధప్రతిరక్షకమును 2023 నాటికి వాడుకలోనికి వచ్చినవి. కావున 1966 నాటి వృత్తాంతమును చూపి టీకాలనే శంకించుట అవివేకము. ఆ పరాభవమును దాచక, దానినే గురువుగా చేసికొన్న శాస్త్రము తుదకు బిడ్డలను కాపాడు మార్గమును కనుగొన్నది. కాని అందలి తాత్త్వికమైన పాఠమును మనము తప్పించుకొనరాదు. తల్లిదండ్రుల విశ్వాసమున లోపము లేదు, వైద్యుల సంకల్పమున లోపము లేదు, బిడ్డల శరీరమున శక్తికిని కొఱత లేదు. లోపించినది గుర్తింపు. శత్రువు యొక్క నిజరూపమును ఎఱుగని బలము, ఎంత శుద్ధమైన ఉద్దేశముతో పుట్టినను, తాను నిలిచిన చోటినే దహించును.

ఇంతవఱకు విన్నవారు, క్రోధము చెడ్డది, శాంతము మంచిది యని తేలిపోయినదని తలంపవచ్చును. నీతికి అది సుకరమైన సిద్ధాంతమే కాని సత్యము అంత సుకరముగా నుండదు. ఆర్.ఎస్.వి. వలనను, ఇన్‌ఫ్లుయెంజా వలనను మరణించిన శిశువుల ఊపిరితిత్తులను పరిశీలించి 2007 నందు ప్రకటించిన పరిశోధనమొకటి ఆశ్చర్యకరమైన విషయమును చూపెను. వైరస్ అచ్చట సమృద్ధిగా నుండెను. దానికి నెలవైన కణములను ఏఱి చంపవలసిన లింఫోసైటులు మాత్రము దాదాపు కానరాకుండెను. ప్రాణాపాయకరమైన ఇన్‌ఫ్లుయెంజాకు లోనైన ఒక బాలికయందు, వైరస్‌పై తొలి హెచ్చరికను పలుకు శక్తికి ఆధారమైన జన్యువే జన్మతః చెడియుండెనని 2015 నందు తెలిసెను. వీరియందు విషమత్వమునకు కారణము ఆగ్రహాతిశయము కాదు, ఆగ్రహింపవలసినప్పుడు ఆగ్రహింపలేకపోవుటయే. కనుక ఒక బిడ్డకు శక్తి తక్కువై, ఒక బిడ్డకు శక్తి యెక్కువై, మఱియొక బిడ్డకు ఆ శక్తి దారితప్పి ఆపద కలుగుచున్నది. పైకి మూడును ఒకే ఆయాసముగా కనబడును.

అట్లయిన మేలైన రక్షణకు లక్షణమేమి? వైద్యులు కనుగొన్నదానినిబట్టి విచారించినచో, గుర్తింపునకు తోడు మఱి మూడు నియమములు తేలుచున్నవి: అది తగిన కాలమున మేల్కొనవలెను, తగిన స్థలమున తన కొలత నెఱుగవలెను, పని ముగిసినంతనే ఉపశమింపవలెను.

కాలముమాట మొదట చెప్పెదను. వైరస్ సోకిన కణము ప్రక్క కణములకు హెచ్చరికగా వెలువఱచు ద్రవ్యమును ఐజాక్స్, లిండెన్‌మన్ అనువారు లండన్ నగరమున 1957 నందు కనుగొని, దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరిడిరి. ఆ హెచ్చరిక తొలిగడియలలో వినబడినచో పొరుగుకణములు తలుపులు బిగించుకొనును, వైరస్ పెంపు అణగును, పెద్దసేనతో పనియే యుండదు. ఆలస్యమైనచో వైరస్ వేయింతలుగా పెరిగిన పిదప మహాసేన కదలివచ్చును. అప్పుడు యుద్ధము వైరస్‌కంటె భయంకరమగును. ఆర్.ఎస్.వి. తనయందలి రెండు ప్రోటీనులచేత సరిగా ఈ హెచ్చరికనే నొక్కివేయును. దీనికి ఎదురైన ఉదాహరణము కోవిడ్. వృద్ధులను కూల్చిన ఆ వ్యాధి పసివారియందు సామాన్యముగా స్వల్పమై పోవుటకు గల కారణములలో ఒకటి, వారి ముక్కులోని కణములు వైరస్‌ను పసిగట్టు సామగ్రిని ముందుగనే సమకూర్చుకొని సిద్ధముగా నుండుటయని 2021 నందు ప్రకటితమైన పరిశోధనము తెలిపెను. సకాలమున జరిగిన చిన్న ప్రతిఘటన అకాలమున జరుగు పెద్ద ప్రతిఘటనను అనవసరము చేయుచున్నది.

ఇక స్థలము. ప్రాణవాయువు రక్తమున చేరు గాలితిత్తుల గోడ మిల్లీమీటరులో వేయవవంతుకంటెను పలుచనిది. అంత పలుచని తెఱమీద పోరాటము జరిగినచో విజయము సైతము ఊపిరికి అడ్డుపడును. దీనికితోడు పసివాని శ్వాసమార్గము సహజముగానే ఇఱుకు. గాలి నెమ్మదిగా ప్రవహించు గొట్టము యొక్క వ్యాసము సగమైనచో ప్రవాహమునకు కలుగు నిరోధము పదునాఱింతలగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. ఎనిమిది మిల్లీమీటరుల వ్యాసముగల పెద్దవాని నాళమున చుట్టును ఒక్క మిల్లీమీటరు వాపు కలిగినచో నిరోధము ఇంచుమించు మూడింతలగును. నాలుగు మిల్లీమీటరుల వ్యాసముగల శిశువు నాళమున అంతే వాపు కలిగినచో పదునాఱింతలగును. తండ్రికి గొంతునొప్పియై పోయినది బిడ్డకు ప్రాణాపాయమగుటకు గల కారణములలో ఇదియొకటి. ఒకే కోపము, ఒకే కొలత. కాని పెద్ద యింటిలో సహింపదగినది చిన్న యింటిలో సహింపరానిదగును. బలప్రయోగము న్యాయమా కాదా యని నిర్ణయించునప్పుడు ప్రయోగించువాని హృదయమును చూచినంతనే చాలదనియు, అది పడుచోటి సౌకుమార్యమునుగూడ చూడవలెననియు దీనివలన మనకు విదితమగుచున్నది.

మూడవది ఉపశమము. 2020 ఏప్రిల్ మాసమున లండన్ వైద్యులు పిల్లలయందు ఒక వింతవ్యాధిని చూచిరి. కోవిడ్ వచ్చిన జాడయే తెలియని పిల్లలు, తెలిసినను తేలికగా కోలుకొన్న పిల్లలు, కొన్ని వారముల పిదప తీవ్రజ్వరముతో, ఎఱ్ఱబడిన కన్నులతో, దద్దురులతో, నీరసించిన గుండెతో ఆసుపత్రికి రాజొచ్చిరి. వైరస్ వెడలిపోయినది, ఆగ్రహము మిగిలినది. భారతదేశమున 2021 నాటి రెండవ కెరటము తగ్గిన పిదప మన పిల్లల వైద్యులును ఈ వ్యాధితో పోరాడవలసివచ్చెను. తెల్లకణములవంటి సంచారకణములు శరీరమున చొచ్చిన పరాయివస్తువును చుట్టుముట్టుటను ఇల్యా మెచ్నికోవ్ 1882 నందు మెస్సీనా తీరమున చూచినది మొదలుకొని, శాస్త్రము చిరకాలము రక్షణయందలి శౌర్యమునే మెచ్చుకొనుచు వచ్చెను. ఆ శౌర్యమును నిగ్రహించుటకే పుట్టిన కణములు శరీరమున ప్రత్యేకముగా కలవని జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి 1995 నందు చూపెను. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారితో కూడ ఆయనకు 2025 నందు నోబెల్ బహుమానము లభించెను. ఆ నిగ్రహకణములు జన్మతః లోపించిన పసివారు కలరు. ఏ శత్రువును రాకపోయినను వారి శరీరము తన ప్రేగులనే, తన చర్మమునే, తన గ్రంథులనే పగబట్టి నాశనము చేసికొనును. క్షమ యనునది శక్తిలేని స్థితి యని తలంచువారు ఈ బిడ్డలను తలంచుకొనవలెను. క్షమించుటకును కణములు కావలెను, వానికిని పోషణము కావలెను, అవియును అహర్నిశము పనిచేయుచుండవలెను.

శిశువునకు ఈ క్షమ మఱింత అవసరము. గర్భమునందు సగము పరాయిదైన తల్లి శరీరముతో తొమ్మిది నెలలు కలహింపక యుండవలెను. పుట్టిన మఱుక్షణమునుండి పాలను, గాలిని, ప్రేగులలో కాపురమునకు వచ్చు అసంఖ్యాకములైన సూక్ష్మజీవులను స్నేహభావముతో స్వీకరింపవలెను. ప్రతి క్రొత్తదానిని శత్రువుగా నెంచు శిశువు ఒక్క మాసమైనను బ్రతుకజాలదు. కనుకనే పసివాని రక్షణవ్యవస్థ పోరునకంటె ఓర్పునకు ఎక్కువగా మొగ్గియుండును. ఆ ఓర్పువలన కలుగు లోటును పూరించుటకు తల్లి తన ప్రతిరక్షకములను మావిద్వారా బిడ్డకు ఇచ్చును. అందు పెద్దభాగము గర్భము యొక్క చివరి మాసములలో చేరుటవలననే నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఆ నిధి తక్కువ. పుట్టిన పిదప ముఱ్ఱుపాలద్వారా మఱికొంత రక్షణ లభించును. తల్లి యిచ్చిన ప్రతిరక్షకములు కొన్ని మాసములలో తఱిగిపోవును. ఆలోపల బిడ్డ తనవి నేర్చుకొనవలెను. తాను ఓర్చుకొనుచుండగా తన తరఫున ఇంకొకరు కాపాడుదురను నమ్మకముమీద జీవితము మొదలగుచున్నదన్నమాట.

మహాభారతమున అరణ్యపర్వమునందు, వనవాసదుఃఖముచే కుమిలిన ద్రౌపది ధర్మరాజు యొక్క ఓర్పును నిలదీయుచు, పూర్వము ప్రహ్లాదుడు తన మనుమడగు బలికి చేసిన బోధను స్మరించును. ఎడతెగని తేజమువలన లోకము శత్రువగుననియు, ఎడతెగని క్షమవలన భృత్యులు సైతము తిరస్కరింతురనియు, ఒక్కొక్కదానికి తగిన కాలమును గుర్తించువాడే ప్రాజ్ఞుడనియు ఆ బోధకు సారము. ఆ మాట చెప్పుటకు ప్రహ్లాదుని మించిన అధికారి యెవడు? భాగవతము సప్తమస్కంధమున అతడు బాలుడై యున్నప్పుడు, అతనిని రక్షించుటకే స్తంభమునుండి నృసింహుడు వెలువడెను. ఆ ఉగ్రరూపమునకు సైతము కాలనియమము కలదు, స్థలనియమము కలదు: పగలు కాదు, రేయి కాదు, సంధ్య, ఇంటిలోపల కాదు, వెలుపల కాదు, గడప. శత్రువుయొక్క వరమును అక్షరాక్షరము ఎఱిగిన గుర్తింపు కలదు. కాని సంహారము ముగిసినను ఆ కోపము చల్లారలేదు. దేవతలు దూరముననే నిలిచిరి, లక్ష్మీదేవి సైతము దరిజేర వెఱచెను. తుదకు ప్రహ్లాదుడు సమీపించి మ్రొక్కగా నృసింహుడు ప్రసన్నుడై అతని శిరమున చేయి యుంచెను. రక్షింపబడినవానికే రక్షకుని శాంతింపజేయవలసిన పని మిగులుట ఈ కథయందలి గంభీరమైన సత్యము. సింహాచలమున స్వామిని సంవత్సరమంతయు చందనముతో కప్పియుంచి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపమును దర్శించు తెలుగువారికి, ఉగ్రశక్తిని పూజించుటయు దానిని చల్లబఱచుటయు ఒకే యారాధనమున రెండు అంగములని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. కణములకు సంకల్పము లేదు, పాపపుణ్యములు లేవు. వాని ప్రవర్తనమునుండి ధర్మమును పిండుట న్యాయమా యని అడుగవచ్చును. ఆక్షేపణ యథార్థమైనదే. తెల్లకణమునకు క్రోధము లేదు, నిగ్రహకణమునకు కరుణ లేదు. ప్రకృతిలో జరుగుచున్నది గనుక మనము చేయవచ్చునను వాదము ఎన్ని క్రూరకృత్యములకు ముసుగైనదో చరిత్ర చెప్పుచున్నది. నేను ప్రకృతిని ధర్మకర్తగా నిలుపుటలేదు. నేను చూపదలచినది ఇంతకంటె పరిమితమైనది: సంకల్పములేని శక్తికే గుర్తింపు, కాలము, స్థలము, ఉపశమము అను నియమములు తప్పనప్పుడు, సంకల్పముగల మనము మా ఉద్దేశము మంచిదని చెప్పుకొని ఆ నియమములనుండి తప్పించుకొనజాలము. కణమును నిందించుటకు వీలులేదు, దానికి తెలియదు గనుక. మనకు ఆ మినహాయింపు లేదు.

ఈ మాట పెద్దలు చేయు చికిత్సలయందే ఋజువగుచున్నది. శోథమును అణచు స్టెరాయిడ్ మందు కోవిడ్ పిదప వచ్చు వ్యాధియందు బిడ్డల ప్రాణములను నిలుపుచున్నది. స్వరపేటిక వాచి కంగుకంగున దగ్గు వచ్చు క్రూప్ వ్యాధియందు ఒక్క మోతాదుతో ఉపశమనమిచ్చుచున్నది. అదే మందు బ్రాంకియోలైటిస్‌నందు ప్రయోజనము చూపలేదు. మూడింటను శోథమే యున్నను మూడును ఒకటి కావు. వైరస్‌పై ఏమాత్రమును పనిచేయని యాంటీబయాటిక్‌ను, ఏదో ఒకటి చేయవలెనను ఆతురతతో ప్రతి జలుబునకు ఇచ్చుటయు, ఆయాసపడుచున్న పసిబిడ్డ పొట్టమీద వాతలు పెట్టుటయు, ప్రేమనుండి పుట్టిన హింసలే. బ్రాంకియోలైటిస్‌తో నున్న బిడ్డలలో పెక్కుమందికి కావలసినది ముక్కు శుభ్రము చేయుట, కొంచెము కొంచెముగా పాలు పట్టుట, అవసరమైనచో ఆక్సిజన్, విడువని పరిశీలన. చేతులు కట్టుకొని కూర్చుండుట వేఱు, కన్ను ఆర్పక కనిపెట్టియుండుట వేఱు. రెండు నెలలు నిండని శిశువు నిమిషమునకు 60 సారులుగాని అంతకు మించిగాని, ఏడాదిలోపు బిడ్డ 50 సారులుగాని అంతకు మించిగాని ఊపిరి తీయుచున్నను, డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు మానినను క్షణమాలసింపక ఆసుపత్రికి పోవలెను. ఓర్పునకు కాలమున్నట్లే త్వరకును కాలము కలదు.

ఇక మిగిలినది అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. ఏ పాపము నెఱుగని పసిబిడ్డకు ఈ బాధ యేల? మన పూర్వులు బాలగ్రహములను తలంచిరి; సుశ్రుతసంహితయే తొమ్మిది గ్రహములను పేర్కొనినది. కొందఱు దిష్టియనిరి, కొందఱు పూర్వజన్మకర్మమనిరి. కారణమెఱుగని దుఃఖమును మోయలేక మనుష్యుడు చేసికొన్న ఊహలను నేను పరిహసింపను. కాని బిడ్డ కర్మమని చెప్పి ఊరకుండువానిని, కర్మసిద్ధాంతమును సరిగా గ్రహించినవాడని ఒప్పుకొనజాలను. వ్యాధిని విషమింపజేయు పరిస్థితులలో పెక్కింటిని మనమెఱుగుదుము: నెలలు నిండని పుట్టుక, తల్లికి చాలని తిండి, తల్లిపాలు దొఱకకపోవుట, గాలియాడని యిఱుకుగది, కట్టెపొయ్యి పొగ, ఇంటిలో పెద్దలు కాల్చు చుట్ట బీడీల పొగ, ఆసుపత్రికి గల దూరము. వీనిలో ఏది ఆ బిడ్డ చేసిన కర్మము? కర్మము నిజముగా ఫలించునదే యైనచో, అది పెద్దలది, ఊరిది, రాజ్యముది. దాని ఫలమును మాత్రము అందఱిలోను చిన్నవాడు అనుభవించుచున్నాడు. కర్మసిద్ధాంతము మనకు ఓదార్పుగా కాక బాధ్యతగా వచ్చినప్పుడే అది ధర్మముతో సరిపడును.

కనుకనే ముందు చెప్పిన సంఖ్యకు మరల వచ్చుచున్నాను. మరణములలో 97 పాళ్లు పేద, మధ్యాదాయ దేశములలో సంభవించుటకు అచ్చటి బిడ్డల రక్తము బలహీనమైనదని యెవరును చెప్పజాలరు. వారిని కాపాడు జ్ఞానము లోకమున లేదనియు చెప్పజాలరు. ఆక్సిజన్ కలదు, తల్లికి వేయదగిన టీకా కలదు, శిశువునకు ఈయదగిన ప్రతిరక్షకము కలదు, పొగలేని పొయ్యి కలదు. లేనిది వానిని తగిన కాలమున, తగిన చోటికి చేర్చు వివేకము. హెచ్చరిక ఆలస్యమైన శరీరమున ఏ విపత్తు కలుగునో, సహాయము ఆలస్యమైన సమాజమునను అదియే కలుగుచున్నది. జీవితమును ఇతరుల రక్షణపై నమ్మకముతో మొదలుపెట్టిన శిశువునకు తల్లి తన వంతును, గర్భముననే, ఎవరును చెప్పకుండ తీర్చినది. తరువాతి వంతు మనది. అది శత్రువును సరిగా గుర్తించి, వేళ మించకమునుపే కదలి, సుకుమారమైన చోట చేయి మెత్తగా నుంచి, పని తీఱినంతనే వెనుకకు తగ్గగల రక్షణ కావలెను. అట్టి రక్షణను పేదవాని బిడ్డకును సమకూర్చు వఱకు, మనము దేవుని అడుగు ప్రశ్నలలో సగము మనలను మనమే అడుగవలసినవని నా దృఢమైన విశ్వాసము.